వేడిని ఎక్కడ దింపుతున్నారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కాకినాడ ఐసు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాను. తర్వాత రొయ్యల ప్లాంట్లలో, గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల్లో ఆపరేటరుగా చేశాను. ఇప్పుడు పిల్లలకు ఇదే ట్రేడు నేర్పుతున్నాను. ఫ్రిజ్‌లు, ఏసీలు, కోల్డ్ స్టోరేజీల గురించి అడగమని కిందటి సంచికలో రాస్తే సంచీ నిండా ఉత్తరాలొచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఈసారి కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

మాది చిన్న బేకరీ. కూల్ డ్రింకులు పెట్టే అద్దం తలుపు ఫ్రిజ్ కొని మూడేళ్లయింది. ప్రతి ఎండాకాలం మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయిందని ఎక్కిస్తున్నాడు. రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ మామూలే. కొత్తది కొనేయమంటారా? – ఒక పాఠకురాలు, తణుకు

ఇప్పుడే కొనకండమ్మా. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటింటి సిలిండర్‌లో గ్యాస్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి కాయిల్‌లో ఆవిరై సీసాల వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిల్‌లోకి తోస్తుంది. అక్కడ ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమై లోపలికి వెళ్తుంది. ఇరవై ఏళ్లు నడిచినా అదే గ్యాస్. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు పట్టుకోకుండా మళ్లీ ఎక్కించడమంటే చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో జాయింట్లన్నీ చూడమనండి. లీకు దొరికాక అక్కడ లోహం కరిగించి అతికించి (దీన్నే బ్రేజింగ్ అంటారు), వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేసి, అప్పుడు గ్యాస్‌ను కాటాలో తూచి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చేత్తో గొట్టం పట్టుకుని 'చల్లబడింది, చాలు' అనే అందాజా లెక్క ఒప్పుకోకండి. లీకైన గ్యాస్ గాలిలో కలిసి ఊరుకోదు. మీ ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్ 134ఏ అనే రకం గ్యాస్ అయితే దానికి భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకన్నా 1,430 రెట్లు. 300 గ్రాములు కారితే 430 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టు. స్టిక్కరు మీద ఆర్ 290 అనీ మంట బొమ్మా ఉంటే అది ప్రొపేన్. వాతావరణానికి చాలా మంచిది కానీ అంటుకుంటుంది. దాని పని నేర్చుకున్నవాళ్ల చేతే చేయించండి, లోపల గ్యాస్ ఉండగా మంట పెట్టనివ్వకండి, అందులో వేరే గ్యాస్ కలపనివ్వకండి.

నిజానికి మీ ఉత్తరంలో 'బేకరీ' అన్న మాట చదవగానే నాకు గ్యాస్ కన్నా ముందు కండెన్సర్ మీద అనుమానమొచ్చింది. ఫ్రిజ్ అడుగున జాలీ ఉంటుంది చూడండి, దాని వెనక ఉండేదే కండెన్సర్. వేడిని బయటికి దింపే కాయిల్ అది. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒక బేకరీకి వెళ్లి ఆ జాలీ ఊడదీశాను. మైదా పిండీ నూనె ఆవిరీ కలిసి రేకుల మీద దిబ్బరొట్టెలా అట్ట కట్టేశాయి. వేలితో లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. మెత్తటి బ్రష్షుతో పై నుంచి కిందికి గీసి, బ్లోయరుతో ఊదాను. గ్యాస్ ముట్టుకోలేదు. సాయంత్రానికి సీసాల మీద చెమట పట్టింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చెప్పేది ఇదే: ఏ యంత్రమూ చలిని తయారుచెయ్యదు, లోపలి వేడిని తీసి బయట దింపుతుంది. దింపే చోటు మూసుకుపోతే లోపల ఎంత గ్యాస్ ఉన్నా లాభం లేదు.

స్విచ్చి తీసేసి, ప్లగ్గు పీకేసి, నెలకోసారి మీరే శుభ్రం చేసుకోవచ్చు. ఫ్రిజ్ ఓవెన్ పక్కన ఉంటే మాత్రం దాన్ని ముందు అక్కణ్నించి జరపండి, వెనక జానెడు జాగా వదలండి.

ఏసీని 'ఒకటిన్నర టన్ను' అంటారు. దాని బరువు అంత ఉండదు కదా! పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను. – ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

మంచి ప్రశ్న మాస్టారూ. అది ఐసు లెక్క. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే చెరువుల్లో గడ్డకట్టిన మంచే. అమెరికాలో బోస్టన్ దగ్గరి చెరువుల మీద చలికాలంలో గుర్రాలకు కట్టిన కోత నాగళ్లతో మంచును దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో ఎక్కించేవాళ్లు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో అలాంటి ఓడను కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి. 180 టన్నులు ఎక్కిస్తే దాదాపు 100 టన్నులు కరక్కుండా చేరింది! రంపపు పొట్టు చేసిన పని అది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ గోడల్లో పెట్టే, నురగ నింపిన పఫ్ ప్యానెల్‌దీ అదే పని, వేడిని లోపలికి రానివ్వకపోవడం.

మద్రాసులో మెరీనా ఒడ్డున ఇప్పుడు వివేకానంద ఇల్లం అని పిలిచే గుండ్రటి భవనం, ట్యూడర్ 1842లో ఆ ఐసు దాచడానికి కట్టించిన ఐస్ హౌసే. ఆ పేట పేరు ఇప్పటికీ ఐస్ హౌస్. మీ పిల్లలు ఎప్పుడైనా చెన్నై వెళ్తే చూపించండి. 1874లో మద్రాసులోనే యంత్రంతో ఐసు చేసే కంపెనీ వచ్చింది. తర్వాత ఓడల బేరం ఎంతోకాలం సాగలేదు.

యంత్రాలు వచ్చాక, కొనేవాళ్లకు తెలిసిన కొలత ఐసే కాబట్టి 'రోజుకు ఎన్ని టన్నుల ఐసు కరిగినంత చల్లదనం ఇస్తుంది' అని లెక్క కట్టారు. ఆ టన్ను అమెరికా టన్ను, 907 కిలోలు. సున్నా డిగ్రీల దగ్గర ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తీసేసే యంత్రం ఒక టన్ను యంత్రం. ఇప్పటి కొలతలో మూడున్నర కిలోవాట్లు. మీ ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి బలంతో రోజంతా నడిస్తే 1,360 కిలోల ఐసు కరిగినంత పని. మా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ 50 కిలోలు. అంటే రోజుకు 27 దిమ్మలు మీ గదిలో తెచ్చి పెట్టినట్టు. ఒక్కో దిమ్మను కొక్కెంతో లాగి లారీ ఎక్కించినవాణ్ని, ఆ లెక్క నాకు భుజాల్లో తెలుసు.

మా నాన్నగారు గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. ఇంటికొచ్చాక చొక్కా అమ్మోనియా వాసన వస్తుంది. రాత్రి డ్యూటీ అంటే మాకు టెన్షన్. ఇళ్లల్లో ఏసీలకు వాడే వాసన లేని గ్యాస్ అక్కడెందుకు వాడరు? – ఒక డిగ్రీ విద్యార్థిని

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ భయం అర్థం లేనిది కాదు. నీకు నిజమే చెప్పాలి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ముందు అమ్మోనియా ఎందుకో చెబుతాను. వేల టిక్కీల (బస్తాల) మిర్చి రంగూ ఘాటూ పోకుండా నెలల తరబడి ఉండాలంటే చాలా వేడిని బయటికి మొయ్యాలి. కిలో అమ్మోనియా ఆవిరైతే పీల్చే వేడి, పాత ఏసీల్లోని ఆర్ 22 కిలో పీల్చేదానికి ఐదు రెట్లకు పైనే. చవక. ఓజోన్ పొరకు హాని లేదు, భూమిని వేడెక్కించదు. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే 1859లో అమ్మోనియా, నీళ్లతో ఐసు యంత్రం చేశాడు. జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే 1870ల్లో బీరు తయారీదార్ల కోసం అమ్మోనియా కంప్రెసర్ తెచ్చాడు. నూట యాభై ఏళ్లయినా దాని స్థానం చెక్కుచెదరలేదు. ఒక్క రాగిని మాత్రం అది తినేస్తుంది, అందుకే మీ నాన్నగారి ప్లాంటులో గొట్టాలన్నీ ఉక్కువే.

వాసన లేని గ్యాస్ సంగతి. ఒకప్పుడు ఇళ్లల్లో ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు లాంటి విషవాయువులు వాడేవాళ్లు. బెర్లిన్‌లో ఒక కుటుంబం రాత్రి నిద్రలో ఫ్రిజ్ లీకై చనిపోయిందన్న వార్త చదివి ఐన్‌స్టీన్ చలించిపోయాడు. లియో సిలార్డ్‌తో కలిసి, కారడానికి సీళ్లే లేని, కదిలే భాగాలు లేని ఫ్రిజ్ తయారుచేశాడు. 1930లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది, అంగడికి మాత్రం రాలేదు. ఎందుకంటే అప్పటికే 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ బృందం ఫ్రియాన్ కనిపెట్టింది. వాసన లేదు, మంట లేదు, పీల్చినా విషం కాదు. అందరూ దేవుడిచ్చిన వరమనుకున్నారు. అది ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తోందని 1974లో మోలినా, రోలాండ్ చెప్పేదాకా తెలియలేదు. 1987లో మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని ఆపడం మొదలైంది. దాని బదులు వచ్చినవి ఓజోన్‌ను ముట్టుకోవు, భూమిని మాత్రం వేడెక్కిస్తాయి. వాటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో ఇంకో ఒప్పందం జరిగింది. మన దేశం 2032 నుంచి మెట్లుమెట్లుగా 2047కి 85 శాతం తగ్గించాలి. అందుకని అమ్మోనియాను తీసేసి ఆ గ్యాసులు పెట్టమని నేను ఎప్పటికీ చెప్పను.

ఇక ప్రమాదం సంగతి. అమ్మోనియాకున్న గొప్ప గుణం దాని వాసనే. గాలిలో పది లక్షల పాళ్లలో యాభై పాళ్లున్నా ముక్కు పట్టేస్తుంది. ప్రాణానికి ముప్పు వచ్చేది 300 పాళ్ల దగ్గర. అంటే పరుగెత్తడానికి టైం ఇస్తుంది, వాసన లేని గ్యాస్ అదివ్వదు. మా రోజుల్లో చిన్న లీకు పట్టుకోవడానికి గంధకం పుల్ల వెలిగించి జాయింట్ల దగ్గర తిప్పేవాళ్లం. లీకున్న చోట తెల్లటి పొగ లేచేది.

పెద్ద ప్రమాదాలు ఎక్కువగా జరిగేది నూనె తీసేటప్పుడు. కంప్రెసర్ నూనె కొంచెం కొంచెంగా అమ్మోనియాతోపాటు వెళ్లి ద్రవ అమ్మోనియా నిలవుండే ట్యాంకు, అంటే రిసీవర్, అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు వాల్వు తిప్పి తీసెయ్యాలి. నేను ఐసు ఫ్యాక్టరీలో చేరిన రెండో ఏడు, మా మేస్త్రీ అదే పని చేస్తున్నారు. బకెట్‌లోకి నల్లటి నూనె సన్నగా, బద్ధకంగా పడుతోంది. నేను పక్కనే లాంతరులా టార్చి పట్టుకుని నుంచున్నాను. ఉన్నట్టుండి నూనె అయిపోయింది, వెనకే ద్రవ అమ్మోనియా బుస్సుమని తన్నుకొచ్చింది. చలికి వాల్వు బిగుసుకుపోయి తిరగలేదు. గది క్షణంలో తెల్లబడిపోయింది. కళ్లు మూసుకుపోయాయి, గొంతులో కారం కొట్టినట్టయింది. మేస్త్రీ నన్ను జబ్బ పట్టుకుని తలుపు వైపు తోసి, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని, పాక్కుంటూ వెళ్లి పైనున్న మెయిన్ వాల్వు కట్టేశారు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. రెండు నెలలు పనికి రాలేదు. ఆ ఫ్యాక్టరీలో అప్పట్లో ఒక్క మాస్కు కూడా లేదు.

ఆ ప్రమాదాన్ని ఆపగల వస్తువు గుప్పెడంత ఉంటుంది. స్ప్రింగు వాల్వు. చెయ్యి పట్టి ఉన్నంతసేపే తెరుచుకుని ఉంటుంది, వదిలేస్తే దానంతటదే టక్కున మూసుకుంటుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పరికరం అదే, మూలన ఉండే ఆ చిన్న వాల్వు. మీ నాన్నగారిని ఈ రాత్రే అడుగు: నూనె తీసే చోట స్ప్రింగు వాల్వు ఉందా? తీసేటప్పుడు ఇద్దరుంటారా? మాస్కూ గ్లౌజులూ తలుపు బయట ఉన్నాయా? లోపల పెడితే అవసరమైనప్పుడు అందవు. కళ్లు కడుక్కునే నీళ్ల కుళాయి దగ్గర్లో ఉందా? లీకైతే గాలి వాటం చూసి అడ్డంగా పరుగెత్తాలి. కళ్లలో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూనే ఉండాలి, తర్వాతే ఆస్పత్రి. గాలిలో పొగను నీళ్ల జల్లు పీల్చుకుంటుంది కానీ, నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద నీళ్లు కొట్టకూడదు. ఇంకా ఉధృతంగా ఆవిరవుతుంది.

కొత్త ప్లాంట్లలో అమ్మోనియాను మిషన్ రూము దాటనివ్వకుండా, గదుల్లోకి బొగ్గుపులుసు వాయువునో గడ్డకట్టకుండా గ్లైకాల్ అనే ద్రవం కలిపిన చల్లటి నీళ్లనో పంపుతున్నారు. గొట్టాల బదులు వేడిని అటూ ఇటూ మార్చే పలకల ఎక్స్చేంజర్లు వచ్చాక అదే పనికి పట్టే అమ్మోనియా కూడా బాగా తగ్గింది. యజమానులు కొత్తగా కట్టేటప్పుడు ఖర్చు చూసి వెనకాడొద్దని ఈ పేజీ ద్వారా బతిమాలుతున్నాను.

రొయ్యల లోడుకు రీఫర్ లారీ తీశాను. మైనస్ 18 పెట్టినా తలుపు దగ్గర పెట్టెలు మెత్తబడుతున్నాయని కంపెనీవాళ్లు తిప్పి పంపారు. అసలు ఈ లారీ ఫ్రిజ్ కనిపెట్టిందెవరు? – ఒక లారీ యజమాని, భీమవరం

లారీ యూనిట్‌కి ఉన్న చలిని నిలబెట్టే బలమే ఉంటుంది అన్నా, మెత్తటి సరుకును గడ్డకట్టించే బలం ఉండదు. గడ్డకట్టించే పని ప్లాంటులో బ్లాస్ట్ ఫ్రీజర్‌ది. అందుకని ఎక్కించేటప్పుడే పెట్టె మధ్యలో థర్మామీటరు గుచ్చి మైనస్ 18 ఉందో లేదో చూసి రాయించుకోండి. లోడుకు ముందు బాడీని ఖాళీగా నడిపి చల్లబరచండి. పెట్టెలను కప్పు దాకా, తలుపు దాకా కుక్కకండి. చల్లగాలి పై నుంచి వెళ్లి, తలుపు దగ్గర కిందికి దిగి, నేల గాడుల్లోంచి వెనక్కి రావాలి. మీ లారీలో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. తలుపు రబ్బరు కూడా చూడండి. మధ్యలో కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

కనిపెట్టినాయన ఫ్రెడరిక్ జోన్స్. నల్లజాతి అమెరికన్, 1893లో పుట్టాడు. చిన్నప్పుడే అనాథ, పెద్దగా చదువుకోలేదు. గ్యారేజీల్లో ఊడుస్తూ, ఇంజన్లు విప్పుతూ, పుస్తకాలు తెచ్చుకుని రాత్రిళ్లు చదువుతూ నేర్చుకున్నాడు. మిన్నెసోటాలో సినిమా హాళ్లకు సౌండు పరికరాలు చేసే జోసెఫ్ న్యూమెరో దగ్గర పనికి కుదిరాడు. ఎండకు కోళ్ల లోడు పాడైపోయిందని ఒక లారీల యజమాని న్యూమెరో దగ్గర బాధపడితే, ఆ పని జోన్స్ చేతికొచ్చింది. అంతకు ముందు చాలామంది ప్రయత్నించారు కానీ రోడ్డు కుదుపులకు గొట్టాలు విరిగిపోయేవి. జోన్స్ కుదుపు తట్టుకునే యూనిట్ కట్టాడు. మొదట బండి కింద బిగించాడు, బురదా దుమ్మూ పట్టేసింది. అప్పుడు బాడీ ముందు భాగాన, డ్రైవరు కేబిన్ పైకి మార్చాడు. ఇవాళ మీ లారీకి ఉన్నదీ అక్కడే. 1938లో వాళ్లు పెట్టిన కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ఆహారం, మందులు, రక్తం చెడకుండా తీసుకెళ్లింది ఆయన యూనిట్లే. ఆయన పేరున అరవైకి పైగా పేటెంట్లున్నాయి. 1961లో పోయాడు. అమెరికా ప్రభుత్వం సాంకేతిక రంగంలో జాతీయ పతకం ఇచ్చింది 1991లో. బతికి ఉండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదోనని ఆ సంగతి చదివినప్పుడల్లా అనుకుంటాను.

హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే కంపెనీది ఇక్కడ కొంటే ఒళ్లంతా జిడ్డు. ఎందుకు? – ఒక గృహిణి, విశాఖపట్నం

మీ సముద్రమే కారణమమ్మా. కూలర్‌లో నీళ్లు ఆవిరైతేనే గాలి చల్లబడుతుంది. విశాఖ గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, ఇక ఎన్ని నీళ్లు తాగుతుంది? పాతరోజుల్లో వట్టివేళ్ల తడికెలు వడగాలి ఊళ్లలోనే బాగా పనిచేసేవి, కారణం ఇదే. మీకు కావాల్సింది తేమ తీసేసే యంత్రం, అంటే ఏసీ. ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902 వేసవిలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో తేమకు కాగితం సాగుతూ ముడుచుకుంటూ, ఒకదాని మీద ఒకటి అచ్చేసే రంగులు పక్కకు జరిగిపోయేవి. ఆ బాధ తీర్చడానికి విల్లిస్ క్యారియర్ అనే 25 ఏళ్ల ఇంజనీరు, చల్లటి కాయిళ్ల మీదుగా గాలిని పంపి తేమను నీళ్ల చుక్కలుగా దింపేశాడు. మనుషుల సుఖం గురించి తర్వాత ఆలోచించారు.

మా అపార్ట్‌మెంటు పై అంతస్తు కొలిమిలా ఉంటుంది. ఏసీ ఆఫీసుల కరెంటు బిల్లులు తగ్గించే కొత్త పద్ధతులు వచ్చాయంటున్నారు, నిజమేనా? – ఒక సంఘం కార్యదర్శి, హైదరాబాద్

నిజమే. చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మీ ఊరి పక్కనే పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో ఒక భవనాన్ని సరిగ్గా రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలుగా డక్టుల్లోంచి చల్లగాలి. రెండో సగానికి కాంక్రీటు శ్లాబులోనే గొట్టాలు పరిచి వాటిలో చల్లటి నీళ్లు తిప్పారు. కప్పు చల్లగా ఉంటే కింద కూర్చున్న మనిషి ఒంటి వేడిని అదే లాగేస్తుంది, రాతి గుడిలోకి వెళ్లినప్పుడు హాయిగా ఉంటుందే, అలా. రెండేళ్లు మీటర్లు పెట్టి కొలిస్తే రెండో సగానికి కరెంటు 34 శాతం తక్కువ పట్టింది. కట్టడానికి ఖర్చు కూడా ఎక్కువేమీ కాలేదు.

అంత తేడా ఎందుకంటే, ఒక లీటరు నీళ్లు మోసే వేడిని మొయ్యాలంటే మూడు వేల లీటర్లకు పైగా గాలి కావాలి. అంత గాలిని ఫ్యాన్లతో తోయడానికే బోలెడు కరెంటు పోతుంది. పైగా శ్లాబులోకి పంపే నీళ్లు మరీ చల్లగా ఉండక్కర్లేదు, 14 డిగ్రీల చుట్టుపక్కల చాలు. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్‌కు శ్రమ తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. కప్పు మరీ చల్లబడితే, చన్నీళ్ల చెంబుకు పట్టినట్టు, చెమట పట్టి నెత్తిన నీళ్లు కారతాయి. అందుకని బయటి నుంచి తీసుకునే గాలిలో తేమను విడిగా తీసేస్తారు. విశాఖ సోదరికి రాసిన తేమ సంగతే ఇక్కడా. హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో ఇంకో పద్ధతి ఉంది: పొడవాటి గాలి గోపురాల్లోంచి బయటి గాలి ముందే కొంత చల్లబడి ఏసీకి చేరుతుంది. 2003లో అమెరికా బయట పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది.

మీరిప్పుడు కట్టేసిన అపార్ట్‌మెంటు శ్లాబులో గొట్టాలు పెట్టలేరు కదా. మీరు చేయాల్సింది మిద్దె మీద తెలుపు. సున్నం కొట్టించండి, లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు, లేదా తెల్లటి పెంకుల ముక్కలు పరిపించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి చేసింది. వేసవి మధ్యాహ్నం సిమెంటు మిద్దె మీద ఒక చదరానికి తెల్ల సున్నం కొట్టి, ఆరాక ఒక అరచెయ్యి దాని మీద, ఇంకొకటి పక్క చదరం మీద పెట్టి చూడండి. రెండోది మీరు వెంటనే తీసేస్తారు. సంఘం మీటింగులో ఒప్పుకోనివాళ్లని ఆ మిద్దె మీదికి తీసుకెళ్లండి. ఇంకో మాట, ఏసీ బయటి యూనిట్లన్నీ ఇరుకు షాఫ్టులో ఒకదాని మీద ఒకటి బిగించి ఉంటే, కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పైది పీలుస్తుంది. వాటిని బయటి గోడకు మార్పించండి.

ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడులో సీటొచ్చింది. మా క్లాసులో నేనొక్కదాన్నే అమ్మాయిని. 'ఇందులో కొత్తగా ఏముంది, బరువులు మొయ్యడమేగా' అంటున్నారు. చేరమంటారా? – ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

చేరమ్మా. బరువులు మొయ్యడానికి కప్పీలున్నాయి. ఈ పనికి కావాల్సింది చెవీ, వేళ్లూ, లెక్కా. కంప్రెసర్ చప్పుడులో తేడా విని జబ్బు చెప్పగలిగే అమ్మాయిలిద్దరు నా దగ్గర నేర్చుకుని వెళ్లారు.

కొత్తగా ఏముందంటే చాలా ఉంది. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్, షాన్‌హుయ్ ఫాన్ బృందం ఒక పలకను మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే, కరెంటు లేకుండానే చుట్టూ గాలికన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లబడింది. అది ఎండను దాదాపు మొత్తం తిప్పికొట్టి, తన వేడిని గాలి అడ్డుకోని కిరణాలుగా నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కాలిఫోర్నియాలో ఒక సూపర్ మార్కెట్ కప్పు మీద అలాంటి పలకల్ని ఫ్రిజ్‌ల కండెన్సర్ గొట్టానికి కలిపారు. 'వేడిని ఎక్కడ దింపాలి' అన్న ప్రశ్నకు వాళ్లు ఆకాశమంత చోటు వెతికారు. మన తేమ గాలిలో, మబ్బుల్లో దాని బలం తగ్గుతుంది. కోనసీమలో పనిచేసేలా దాన్ని ఎలా మార్చాలో ఎవరో ఒకరు కనిపెట్టాలి. ప్రొపేన్ ఫ్రిజ్‌లు ఊరూరా వస్తున్నాయి, వాటిని భద్రంగా బాగుచేసేవాళ్లు చాలినంతమంది లేరు.

మొదట్లోనే రాగి గొట్టం ముక్కా ఫ్లేరింగ్ టూలూ ఇస్తారు. గొట్టం కొసను గంటలా విప్పాలి. కోసిన అంచును రీమరు అనే గీకే పనిముట్టుతో నున్నగా చెయ్యకుండా విప్పితే సన్నటి పగులు వస్తుంది, కంటికి కనపడదు, గోటికి తగులుతుంది. గ్యాస్ కారేది అక్కణ్నించే. పది ముక్కలు పాడైనా ఫరవాలేదు, పగులు లేని గంట వచ్చేదాకా మాస్టారిని ఇంకో ముక్క అడుగు.